మీడియేషన్‌తో విడాకులు: కోర్టులో కొట్లాడకుండా తేలుతుందా?

వానచినుకు:
అందరికీ నమస్తే. పెళ్లయి తొమ్మిదేళ్లు. పాప రెండో తరగతి చదువుతోంది. రెండేళ్లుగా విడిగా ఉంటున్నాం. విడిపోవాలని ఇద్దరికీ ఉంది, దాని మీద పేచీ లేదు. పేచీ అంతా పాప ఎవరి దగ్గర ఉండాలి, లోన్‌లో ఉన్న ఫ్లాటు ఎవరికి, పెళ్లిలో మావాళ్లు పెట్టిన బంగారం ఎప్పుడు తిరిగిస్తారు అనే దగ్గరే. నువ్వు వెయ్యి కేసు అని ఆయన, మీరే వెయ్యండి అని నేను. ఒక లాయరుగారు ముందు మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గర కూర్చుని మాట్లాడుకోవడానికి వెళ్లండి అన్నారు. నాన్నేమో "పెద్దమనుషుల్లో కూర్చుంటే తేలనిది అక్కడ తేలుతుందా" అంటున్నారు. కేసు వేయకుండా నేరుగా మీడియేషన్‌కి వెళ్లొచ్చా? అక్కడ రాసుకున్న కాగితానికి విలువ ఉంటుందా? మళ్లీ కలిసి ఉండమని ఒత్తిడి చేస్తారేమోనన్న టెన్షన్ కూడా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కోర్టుపక్షి:
వెళ్లండి మేడమ్, ఆలోచించకండి. నాది కాంటెస్టెడ్, అంటే ఒకరు ఒప్పుకోక కోర్టులో కొట్లాడిన కేసు. వాయిదా మీద వాయిదా. సాక్ష్యం చెప్పే రోజు వచ్చేసరికి అసలు గొడవేంటో సగం మర్చిపోయాను. చివరికి జడ్జిగారే మీడియేషన్‌కి పంపారు, అక్కడే తేలింది. అదేదో మొదట్లోనే వెళ్లి ఉంటే సరిపోయేది కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడోకుర్చీ:
కోర్టు మీడియేషన్ సెంటర్‌లో మీడియేటర్‌గా పనిచేస్తున్నాను. మీ నాన్నగారి సందేహం మేం దాదాపు ప్రతి కేసులోనూ వింటాం. పెద్దమనుషులు తీర్పు చెబుతారు, మేం చెప్పం. ఎవరిది తప్పు అన్నది మా గదిలో తేలదు, తేల్చాల్సిన పనీ లేదు. ఇకముందు ఏం జరగాలన్నదే అక్కడ మాటలు. పంచాయితీలో పది మంది చూస్తుంటారు కాబట్టి ఎవరూ తగ్గరు. పరువు అడ్డం వస్తుంది. మా దగ్గర చూసేవాళ్లు ఉండరు.

జరిగేది ఇలా. మొదట ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, ఒకరి మాటకు ఇంకొకరు అడ్డురాకుండా చెప్పుకోనిస్తాం. తర్వాత ఎవరితో వాళ్లతో విడిగా మాట్లాడతాం. అసలు పని జరిగేది ఈ విడి మాటల్లోనే. ఎదుటివాళ్లకు చెప్పొద్దు అని మీరన్నది గది దాటదు. "ఫ్లాటు నాకొద్దు, కానీ ముందే ఆ మాట అంటే అలుసైపోతాను" అనేవాళ్లు ఎంతమందో. ఆ మాట నాకు తెలిస్తే బేరం ఎక్కడ కుదురుతుందో అర్థమవుతుంది. లాయర్లు రావచ్చు. అమ్మానాన్నలు మామూలుగా బయటే కూర్చుంటారు, ఇద్దరూ ఒప్పుకుంటేనే లోపలికి పిలుస్తాం.

కుదరకపోతే "రాజీ కుదరలేదు" అని ఒక్క ముక్క మాత్రమే కోర్టుకు రాస్తాం. ఎవరేం అన్నారో రాయకూడదు. 2010లో మోతీరామ్ వర్సెస్ అశోక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. కాబట్టి లోపల ఒక మెట్టు దిగి మాట్లాడితే రేపు కేసులో అది మీ మీదకే వస్తుందన్న భయం వద్దు.

కలిసి ఉండమంటారా అని అడిగారు కదా. ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984లో 9వ సెక్షన్ ప్రకారం రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత. అందుకని ఒకసారి అడుగుతారు. అడగడం వరకే. "లేదండి, విడిపోవడానికే వచ్చాం" అంటే మాట అటువైపే నడుస్తుంది. అంతకు మించి నూరిపోసే మీడియేటర్ దొరికితే వేరేవాళ్లను ఇవ్వమని అడగడానికి మొహమాటపడకండి.

కేసు లేకుండా కూడా వెళ్లొచ్చు. మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెడితే అటువైపు వాళ్లకు నోటీసు పంపి పిలుస్తారు. అక్కడ ఫీజు ఉండదు. ప్రైవేటు మీడియేటర్ అయితే ఫీజు ఎంతో, ఎవరు కడతారో మొదటిరోజే మాట్లాడుకోండి.

పాతపెద్ద:
అమ్మా, పెద్దమనుషులంటే అంత చులకనా? మా ఊళ్లో నేను కూర్చున్న పంచాయితీల్లో బోలెడు తేలాయి. రెండువైపులా సంతకాలు చేయించి, ఇచ్చిపుచ్చుకోవడాలు అక్కడికక్కడే అయ్యేవి. కోర్టు ముఖం చూసింది లేదు.

నల్లకోటు:
పాతపెద్ద గారూ, చులకన కాదు సార్. ఆ కాగితాలు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చేవాళ్లను చూస్తున్నాం కాబట్టి చెబుతున్నాను. వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఇద్దరం విడిపోయాం, ఇకమీదట సంబంధం లేదు" అని రాసుకుంటే చట్టం దృష్టిలో పెళ్లి రద్దు కాదు. ఆచార విడాకులను హిందూ వివాహ చట్టం 29(2) కాపాడిన మాట నిజమే. కానీ తమ కులంలో అలాంటి ఆచారం పాతకాలం నుంచి ఆగకుండా ఉందని కోర్టులో రుజువు చేయాల్సింది దాన్ని చెప్పుకునేవాళ్లే. అది రుజువు కాక, రెండో పెళ్లి చెల్లక, పిల్లలు పుట్టాక ఇబ్బంది పడ్డ కుటుంబాలున్నాయి.

వానచినుకు గారూ, మీడియేషన్ ఒప్పందం విషయంలోనూ ఇంతే. అది విడాకులు కాదు. విడాకులు ఇచ్చేది కోర్టు డిక్రీయే. మీడియేషన్‌లో మీరు షరతులు తేల్చుకుంటారు, ఆ షరతులతో హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార పిటిషన్ వేస్తారు. కనీసం ఏడాది విడిగా ఉండాలి, మీకది ఎప్పుడో దాటింది. విడిగా అంటే వేరే ఇళ్లలోనే ఉండాలని కాదు, భార్యాభర్తల్లా కాపురం చేయకపోతే చాలు. మొదటి మోషన్ (కోర్టు ముందు ఇద్దరూ మొదటిసారి అంగీకారం చెప్పడం) అయ్యాక ఆరు నెలల నుంచి పద్దెనిమిది నెలల లోపు రెండో మోషన్ (అదే మాట మళ్లీ చెప్పడం). 2017లో అమర్‌దీప్ సింగ్ వర్సెస్ హర్వీన్ కౌర్ తీర్పుతో ఆ ఆరు నెలలు తప్పనిసరి కాకుండా పోయింది. మొదటి మోషన్‌కి ముందే ఏడాదిన్నర దాటి విడిగా ఉండాలి, కలిపే ప్రయత్నాలు ఫలించక పోయుండాలి, భరణం, పిల్లల సంరక్షణ వగైరా నిజంగా తేలిపోయి ఉండాలి. అప్పుడు మొదటి మోషన్ అయిన వారానికే మినహాయింపు కోరవచ్చు. ఇవ్వాలా వద్దా అనేది జడ్జిగారి ఇష్టం. మీడియేషన్ రిపోర్టు చేతిలో ఉంటే "అన్నీ తేలిపోయాయి" అని చూపించడం సులువు.

ఒక హెచ్చరిక. డిక్రీ వచ్చేదాకా ఇద్దరి అంగీకారం నిలిచి ఉండాలని సురేష్ట దేవి కేసులో 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రెండో మోషన్ రోజున ఎవరైనా "నాకిష్టం లేదు" అంటే 13బి విడాకులు రావు. అందుకే డబ్బు, బంగారం ఎప్పుడు చేతులు మారాలో పత్రంలో తేదీలతో రాసుకోవాలి.

సూటిమాట:
అందరూ మీడియేషన్‌ని ఆకాశానికెత్తుతున్నారు. నా అనుభవం వేరు. మీడియేటర్ నాతో విడిగా మాట్లాడిన అరగంటా "పిల్లాడి కోసం సర్దుకోమ్మా" అనే పాటే. అతను కొట్టేవాడని చెప్పినా "మగవాళ్లకు కోపం మామూలే" అన్నారు. అదే గదిలో అతని ఎదురుగా కూర్చుని నా భరణం గురించి మాట్లాడమంటే గొంతు పెగలలేదు. ఇలాంటివాళ్లకు కూడా "ముందు మీడియేషన్" అంటారా?

మూడోకుర్చీ:
అనను. మీకు జరిగింది మీడియేషన్ కాదు, మీడియేషన్ పేరుతో నచ్చజెప్పడం. భయపడుతున్న మనిషి బేరమాడలేదు. ఇద్దరి మాటకూ ఒకే బరువు లేనిచోట కుదిరిన రాజీ రాజీ కాదు. హింస ఉన్నచోట మొదట కావాల్సింది రక్షణ ఉత్తర్వు. దానికి 2005 గృహహింస చట్టం ఉంది, 181 హెల్ప్‌లైన్ ఉంది. కె. శ్రీనివాసరావు వర్సెస్ డి.ఎ. దీప కేసులో 2013లో సుప్రీంకోర్టు భార్యాభర్తల వివాదాలను మీడియేషన్‌కు పంపమంది. అయితే 498ఎ (భార్యను భర్త, అతని బంధువులు హింసిస్తే పెట్టే క్రిమినల్ సెక్షన్) పదును తగ్గించడం తమ ఉద్దేశం కాదని, తప్పు చేసినవాళ్లు తప్పించుకోవడానికి మీడియేషన్‌ను వాడుకోకుండా జడ్జీలు చూసుకోవాలని అదే తీర్పులో ఉంది. దాన్ని ఉటంకించేవాళ్లలో చాలామంది ఆ భాగాన్ని వదిలేస్తారు.

అయినా వెళ్లాలనుకునేవాళ్లు ముందే చెప్పండి, ఇద్దరినీ వేర్వేరు గదుల్లో పెట్టి నడిపిస్తాం. లాయరుని తోడు తీసుకెళ్లండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. నచ్చకపోతే ఏ నిమిషంలోనైనా లేచి వచ్చేయొచ్చు.

సూటిమాట:
వేర్వేరు గదులు అడగొచ్చని అప్పుడు ఎవరూ చెప్పలేదు. సరే, ఇది చదివేవాళ్లకైనా ఉపయోగపడుతుంది.

లెక్కలపుస్తకం:
ఫ్లాటు గురించి. బ్యాంకులో హోమ్ లోన్లు చూస్తాను. మీ ఒప్పందంలో బ్యాంకు పార్టీ కాదు. "ఇకనుంచి ఈఎంఐ అతనే కడతాడు" అని మీడియేటర్ రాసినా, జడ్జిగారు ముద్ర వేసినా, లోన్‌లో మీ సంతకం ఉన్నంతకాలం బ్యాంకు మిమ్మల్నీ అడుగుతుంది. అతను మూడు నెలలు ఎగ్గొడితే మీ సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కడుతున్నారో చూపే మార్కు) కూడా పడిపోతుంది. మీ పేరు తీసేయాలంటే అతని ఒక్కడి జీతం మీద లోన్ నిలుస్తుందని బ్యాంకు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే వేరే బ్యాంకుకు మార్చుకోవాలి, లేదా అమ్మి లోన్ తీర్చి మిగిలింది పంచుకోవాలి. ఇది కనుక్కోకుండా మీడియేషన్‌లో ఫ్లాటు ఎవరిదో తేల్చేస్తే ఆ రోజుకు సంతోషంగా ఇంటికెళ్తారు, అంతే.

లోన్ స్టేట్‌మెంట్, డౌన్ పేమెంట్ ఎవరి ఖాతాలోంచి వెళ్లింది, ఈఎంఐలు ఎవరు కట్టారు, ఇవన్నీ ప్రింటు తీసుకుని వెళ్లండి. వాటా రాసిచ్చేటప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిదో కూడా రాయించండి. ఆఖర్లో అందరూ కొట్టుకునేది దాని దగ్గరే.

నల్లకోటు:
మంచి మాట చెప్పారు. ఆస్తుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. 2020లో రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌గా ఇవ్వాలని సుప్రీంకోర్టు ఒక నమూనా ఇచ్చింది. మీది మీడియేషనే అయినా ఆ నమూనా తెచ్చుకుని ఇద్దరూ నింపండి. అతను నింపనంటే జాగ్రత్త పడండి. ఆస్తులు దాచిపెట్టి చేసుకున్న రాజీని తర్వాత తిరగదోడాలంటే మళ్లీ కోర్టు చుట్టూ తిరగాలి.

ఆవలిగట్టు:
నేను తండ్రిని, ఒప్పందం చేసుకుని విడిపోయినవాణ్ణి. పాప విషయంలో "తల్లి దగ్గర ఉంటుంది, తండ్రి చూడొచ్చు" అని ఒక్క వాక్యం రాసి వదిలేయకండి. ఎప్పుడు చూడొచ్చు, ఎక్కడ అప్పగించాలి, ఆలస్యమైతే ఎవరు ఫోన్ చేయాలి అన్నీ రాయాలి. మా మీడియేటర్ పట్టుబట్టి రాయించింది చాలా ఉంది. వేసవి సెలవులు సగం సగం. సంక్రాంతి ఒక ఏడు ఇక్కడ, ఇంకో ఏడు అక్కడ. పుట్టినరోజు పూట ఇద్దరూ వెళ్లొచ్చు. స్కూల్ రికార్డుల్లో ఇద్దరి ఫోన్ నెంబర్లూ ఉండాలి. పాస్‌పోర్టుకు ఇద్దరి సంతకాలు. ఊరు మారితే ముందే చెప్పాలి. స్కూలు ఫీజు, ఆస్పత్రి ఖర్చు విడివిడిగా. ఒకరి గురించి ఒకరు పిల్ల ముందు చెడుగా అనకూడదని కూడా రాయించారు. అప్పట్లో చాదస్తం అనుకున్నాను. ఇప్పుడు గొడవ రాబోతే ఆ కాగితం తీసి చూసుకుంటాం, అక్కడితో అయిపోతుంది.

మీ పాపను ఏ అమ్మమ్మో నాన్నమ్మో "ఎవరి దగ్గరుంటావమ్మా" అని అడగకుండా చూసుకోండి. మీడియేటర్ అడగాల్సి వస్తే ఆ పద్ధతి వేరే ఉంటుంది.

నల్లకోటు:
ఒక్క చేర్పు. పాప పోషణ ఖర్చు వదులుకుంటున్నామని తల్లిదండ్రులు రాసుకున్నా అది పాపను కట్టేయదు. అది పాప హక్కు. సంరక్షణ ఏర్పాట్లూ అంతే, పరిస్థితులు మారితే కోర్టు మార్చగలదు. "ఇదే ఫైనల్, మళ్లీ అడగరాదు" అన్న వాక్యం భార్యాభర్తల మధ్య డబ్బుకు రాసుకోండి, పాపకు రాయకండి.

దూరదేశి:
నేను అమెరికాలో ఉంటాను, భార్య ఇండియాలో. ఇక్కడి కోర్టులో వేస్తే తొందరగా అయిపోతుంది, అక్కడ మీడియేషన్ అక్కర్లేదు అంటున్నారు ఫ్రెండ్స్. నిజమేనా?

నల్లకోటు:
అన్నా, ఆ తొందరలోనే ఇరుక్కుంటారు. వై. నరసింహారావు వర్సెస్ వై. వెంకటలక్ష్మి అని 1991 తీర్పు ఉంది. తిరుపతిలో పెళ్లి, మిస్సోరీ కోర్టులో విడాకులు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదంది సుప్రీంకోర్టు. అక్కడి డిక్రీ ఇక్కడ చెల్లాలంటే కోర్టు పరిధీ, విడాకుల కారణమూ మామూలుగా ఇక్కడి వివాహ చట్టం ప్రకారమే ఉండాలి; భార్య స్వచ్ఛందంగా ఆ కోర్టుకు ఒప్పుకుని ఇక్కడి చట్టంలోని కారణం మీదే వాదించినా, లేదా విడాకులకే సమ్మతించినా మినహాయింపు ఉంది. ఇద్దరికీ సమ్మతమైతే ఇక్కడ 13బి వేసుకోవడమే క్షేమం. మీడియేషన్ వీడియోలో జరుపుకోవచ్చు. కోర్టుకు కూడా వీడియోలోనే హాజరు కావాలంటే మాత్రం ముందే పిటిషన్ పెట్టి అనుమతి తీసుకోండి, ఒక్కో కోర్టు ఒక్కోలా చూస్తుంది.

కోర్టుపక్షి:
వానచినుకు గారూ, అటూ ఇటూ క్రిమినల్ కేసులేమైనా ఉన్నాయా? మాకు ఉండేవి, అవి పోవడానికే ఎక్కువ టైమ్ పట్టింది.

వానచినుకు:
మావాళ్లు 2022లో 498ఎ పెట్టారు. ఇప్పుడు రాజీ అంటే అది ఆటోమేటిక్‌గా పోతుంది కదా?

నల్లకోటు:
పోదు. మీరు సంతకం పెట్టినంతమాత్రాన పోలీసు కేసు ఆగదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో చేసిన సవరణ ప్రకారం కోర్టు అనుమతితో 498ఎలో రాజీపడే వీలు వచ్చింది. ఇంకో దారి హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమని అడగడం. భార్యాభర్తలు నిజంగా రాజీపడితే కేసు కొట్టేయొచ్చని 2003లో బి.ఎస్. జోషి కేసులో, 2012లో గియాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, అందులో ఇదే నేరం 85వ సెక్షన్. మీది అంతకుముందు నమోదైంది కాబట్టి పాత సెక్షనే నడుస్తుంది. ఏ దారిలో వెళ్తారో మీ లాయరుతో మాట్లాడి, ఆ దారి పేరు పత్రంలో రాయండి.

డబ్బు క్రమం చాలామంది ఇలా పెట్టుకుంటారు: కొంత మొదటి మోషన్ రోజు, కొంత రెండో మోషన్ రోజు, మిగిలింది క్రిమినల్ కేసు ముగిసిన రోజు. అన్నీ డీడీలే. అతనికీ అదే భరోసా, మీకూ అదే భరోసా. బంగారానికి వస్తువారీగా జాబితా, బరువు, ఫొటో. తీసుకున్న రోజే రసీదు.

వానచినుకు:
అప్‌డేట్. న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టాను, ఆయన వచ్చారు. మొదటి కూర్చోవడం బాగా లేదు. ఆయన పాత సంగతులన్నీ తీశారు, నేనూ తీశాను. మీడియేటర్ ఆవిడ ఆపలేదు, విన్నారు. తర్వాత విడిగా మాట్లాడినప్పుడు "మీకు ఫ్లాటు కావాలా, పాపకు స్కూలు దగ్గర ఇల్లు కావాలా" అని అడిగారు. అప్పటిదాకా ఆ రెండూ ఒకటే అనుకుంటున్నాను. స్కూలు పక్కన అద్దెకు ఉన్నా నాకు చాలు. ఫ్లాటు ఆయన ఉంచుకుని నా వాటా డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. బంగారం జాబితా రెండోసారి కలిసినప్పుడు కుదిరింది, ఒక్క హారం మీద మాత్రం ఇంకా తకరారు ఉంది. నాన్న బయట బెంచీ మీద కూర్చుని అటువైపు మామగారితో క్రికెట్ మాట్లాడుతున్నారు, అది వేరే సంగతి.

పాతపెద్ద:
చూశావా అమ్మా, బయట బెంచీ మీద పంచాయితీ జరుగుతూనే ఉంది.

వానచినుకు:
ఒక సందేహం మిగిలింది. లోన్‌లోంచి నా పేరు తీయడానికి బ్యాంకు టైమ్ అడుగుతోంది. ఆ లెటర్ రాకముందే మొదటి మోషన్ వేయొచ్చా?

నల్లకోటు:
వేయొచ్చు. అయితే రెండో మోషన్ లోపు లెటర్ తేవాలని, తేకపోతే ఫ్లాటు అమ్మి లోన్ తీర్చాలని రెండు వాక్యాలూ రాయించండి. వాటా డబ్బు చివరి విడతను కూడా ఆ లెటర్‌కే ముడిపెట్టండి. ఆరు నెలల మినహాయింపు కూడా అడుగుతున్నట్లయితే లెటర్ వచ్చాకే ఆ పిటిషన్ పెట్టండి, లేకపోతే "ఇంకా తేలనివి ఉన్నాయి కదా" అని జడ్జిగారు అడుగుతారు.

లెక్కలపుస్తకం:
బ్యాంకుకు దరఖాస్తు ఇచ్చేటప్పుడు "లోన్ మూసేయండి" అన్నట్టు రాయకండి, "సహ రుణగ్రహీత పేరు తొలగింపు" అని స్పష్టంగా రాయండి. అతని చివరి ఆరు నెలల పే స్లిప్పులు, మీడియేషన్ ఒప్పందం కాపీ జతచేయండి. బ్రాంచిలో తీసుకున్నట్టు ముద్ర వేయించుకుని రండి.